ప్లేగు కాలంలో ఎవరి మాట విన్నారు?

ఈ సంచికకి సంపాదకీయం వేరే విషయం మీద రాద్దామనుకున్నాను. ఈలోగా ఒక బస్తీలో ఆశా కార్యకర్తలతో కూర్చున్న మధ్యాహ్నం నా ఆలోచనని దారి మళ్లించింది. 2020లో కరోనా సర్వే కోసం ఇల్లిల్లూ తిరిగిన రోజుల గురించి వాళ్లు చెప్పుకుంటున్నారు. ముఖానికి కట్టుకోవడానికి చున్నీ తప్ప మొదట్లో మరేం లేదని ఒకామె అంది. "మేం వెళ్తే తలుపులేసుకునేవాళ్లు మేడమ్. మా వెనకాలే పోలీసులొస్తారని భయం. బస్తీవాళ్లకి మేం జబ్బు మోసుకొచ్చేవాళ్లం, ఆఫీసువాళ్లకేమో రిపోర్టులిచ్చేవాళ్లం. మనుషులం ఎవరికీ కాదు" అంది ఇంకొకామె. వాళ్లందరిలో పెద్దావిడ అంతసేపూ మాట్లాడలేదు. చివర్లో నెమ్మదిగా అడిగింది: "ఒకరింట్లోకి పోయి ఒంటిమీద చెయ్యేసి చూడాలంటే ముందు అడగాలి గదమ్మా. అడిగే టైము మాకెవరిచ్చిండ్రు?"

ఆ ప్రశ్న వినగానే నాకు 1897 గుర్తొచ్చింది. ప్లేగు కాలం నాటి రిపోర్టులు, ఉత్తరాలు నా పరిశోధన కోసం చాలా ఏళ్ల కిందట చదివాను. అప్పట్నుంచీ కొన్ని విషయాలు నన్ను వదలలేదు. మన ఉద్యమాలు వాటి గురించి తగినంతగా మాట్లాడుకోలేదని నా అభిప్రాయం. కరోనా పేరుతో 2020లో దేశమంతా అమలు చేసిన అంటువ్యాధుల చట్టం ఆ ఏడాది పుట్టిందే.

ప్లేగు బొంబాయిలో బయటపడింది 1896 సెప్టెంబరులో. రేవు పక్కన ధాన్యం గోదాములుండే మాండ్వి ప్రాంతంలో జ్వరాలతో మనుషులు టపటపా రాలిపోతుంటే, అక్కడ వైద్యం చేస్తున్న డాక్టర్ అకాసియో వియేగాస్ ఇది ప్లేగేనని చెప్పాడు. అప్పటికి బొంబాయి ఎనిమిది లక్షల జనంతో కిటకిటలాడే మిల్లుల నగరం. కొంకణం నుంచీ దక్కన్ నుంచీ పొట్టచేత పట్టుకొని వచ్చినవాళ్లు అందులో ఎక్కువ. నిజాం రాజ్యం నుంచి వెళ్లి ఇళ్లూ రోడ్లూ కట్టిన మన తెలుగు కూలీలు కూడా వాళ్లలో ఉన్నారు. కామాఠీలని పిలిచేవాళ్లు వాళ్లని. కామాఠీపురాకి ఆ పేరు వచ్చింది వాళ్లవల్లే. ఆ పేరు చెప్పగానే ఇప్పుడు మనకి మరొకటి గుర్తుకు రావడం వేరే కథ.

విహార్ చెరువు నీళ్లు 1860లో, తాన్సా నీళ్లు 1892లో నగరానికి వచ్చాయి. అయితే నీళ్లు వచ్చినంత వేగంగా మురుగు కాల్వలు రాలేదు. వచ్చిన నీళ్లు ఎటుపోవాలో ఎవరూ పట్టించుకోలేదు. కూలీలుండే చాళ్లలో ఒక్కో చీకటి గదిలో ఒక సంసారం, ఊరి నుంచి వచ్చిన తమ్ముడు, మేనల్లుడు. కింద తడి నేల, పక్కన ధాన్యం, ఎలుకలు. మిల్లుల నుంచి లాభాలు తీసుకున్నవాళ్లకి ఈ గదుల మీద ఖర్చు పెట్టాల్సిన అవసరం కనబడలేదు. జబ్బు రేవుకీ వ్యాపారానికీ అడ్డం వచ్చాకే అందరికీ పారిశుధ్యం గుర్తొచ్చింది. బొంబాయి సరుకును ఐరోపా దేశాలు ఎక్కడ ఆపేస్తాయోనన్న భయం సర్కారుని పరుగులెత్తించింది.

పరుగులైతే ఎత్తింది గానీ, ఎటు పరుగెత్తాలో దానికి తెలీదు. ప్లేగు క్రిమిని అలెగ్జాండర్ యెర్సిన్ 1894లో హాంకాంగ్‌లో కనిపెట్టాడు. ఆ క్రిమి మనిషికి ఎలా చేరుతుందన్నది అప్పటికింకా తేలలేదు. ఎలుక ఒంటిమీద బతికే చిన్న పురుగు కాటువల్ల వస్తుందని పాల్ లూయీ సిమోన్ 1898లో కరాచీలో చూపించాడు. దాన్ని చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఈలోగా బొంబాయిలో మురుగు కాల్వల్లోకి సముద్రపు నీళ్లూ కార్బాలిక్ ద్రావకమూ వదిలారు. ఇళ్లకి సున్నం కొట్టారు, పైకప్పులు విప్పారు, పరుపులూ గుడ్డలూ కాల్చారు. కాల్వల్లోంచి తరిమిన ఎలుకలు ఇళ్లలోకి చేరాయి. జబ్బుపడ్డవాళ్లని బలవంతంగా ఆస్పత్రికి, ఇంట్లో మిగిలినవాళ్లని క్యాంపుకి తీసుకెళ్లడం మొదలైంది. మనుషుల్ని వేరుచేస్తే జబ్బు ఆగుతుందనుకున్నారు. అది ఎలుకల వెంట నడిచి వెళ్లిపోయింది. 1897 మొదటికల్లా నగరంలో దాదాపు సగంమంది ఊళ్లకి పారిపోయారు.

ఇక్కడ ఒక వివరం దగ్గర ఆగాలి. గజ్జల్లో, చంకల్లో, మెడ దగ్గర బిళ్లలు కట్టడం ప్లేగు గుర్తు. అంటే ప్లేగు ఉందో లేదో చూడాలంటే బట్టలు తీయించాలి. రైల్వే స్టేషన్లలో, ఇళ్లలో, వీధుల్లో పరీక్ష అంటే అర్థం ఇదే. మగవాడికి అది చికాకు. ఆడదానికి, అదీ మగ డాక్టరు, పక్కన సిపాయి, చుట్టూ వీధి జనం చూస్తుండగా, అది ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. బొంబాయిలో ఈ సంగతి సర్కారుకి కొంత అర్థమైంది. స్టేషన్లలో స్త్రీ ప్రయాణికుల్ని చూడ్డానికి స్త్రీ డాక్టర్లని పెట్టారు. కులాలవారీగా, మతాలవారీగా ఆస్పత్రులు పెట్టుకోనిచ్చారు. ఆ తెలివి కూడా ఊరికే రాలేదు. 1896 అక్టోబరులో దాదాపు వెయ్యిమంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆస్పత్రి మీద దాడి చేశాకే వచ్చింది. అయినా 1898 మార్చిలో, ఒక ముస్లిం నేత కుటుంబంలో జబ్బుపడ్డ చిన్నపిల్లని చూడ్డానికి వచ్చిన బృందం దగ్గర మొదలైన గొడవ కాల్పుల దాకా వెళ్లింది.

1897 ఫిబ్రవరి 4న చేసిన చట్టంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. సర్కారు తనకి అవసరమనిపించిన ఏ ఏర్పాటైనా చెయ్యొచ్చు. వినకపోతే శిక్ష. మంచి ఉద్దేశంతో పనిచేసిన అధికారి మీద దావా వెయ్యడానికి లేదు. ఇంతే. తీసుకెళ్లిన మనిషికి ఏం పెట్టాలి, ఎక్కడికి తీసుకెళ్లారో ఇంట్లోవాళ్లకి ఎవరు చెప్పాలి, కూలి పోయినవాళ్లు ఏం తినాలి, ఆడవాళ్లని ఎవరు ముట్టుకోవాలి అన్న మాట ఒక్కటి లేదు. నేను ఈ చట్టాన్ని మొదటిసారి చదివినప్పుడు తర్వాతి పేజీ ఎక్కడో పోయిందనుకున్నాను.

పూనాలో ఈ చట్టం అసలు రూపం బయటపడింది. ప్లేగు కమిటీకి అధ్యక్షుడిగా వచ్చిన వాల్టర్ చార్లెస్ రాండ్ 1897 మార్చి నుంచి ఇళ్ల సోదాకి తెల్ల సిపాయిల్ని దించాడు. వంటిళ్లలోకీ దేవుడి గదుల్లోకీ చొరబడ్డారనీ, ఆడవాళ్లని వీధిలోకి లాక్కొచ్చి పరీక్షించారనీ ఫిర్యాదులు వెల్లువెత్తాయి. జూన్ 22న, విక్టోరియా రాణి వజ్రోత్సవం నాటి రాత్రి, చాపేకర్ సోదరులు రాండ్‌ని కాల్చారు. తిలక్ మీద రాజద్రోహం కేసు పెట్టి పద్దెనిమిది నెలలు జైలుకి పంపారు. ఈ కథ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. మన స్త్రీల మానమర్యాదల కోసం వీరులు పోరాడారన్నది ఆ కథ.

ఆ కథలో నాకు పడని సంగతి ఒకటుంది. అంతకు ఆరేళ్ల ముందు, 1891లో, ఆడపిల్లతో కాపురానికి కనీస వయసుని పదేళ్ల నుంచి పన్నెండేళ్లకి పెంచే చట్టం వచ్చింది. కలకత్తాలో ఫూల్‌మొణి అనే పసిది పెళ్లయిన మొగుడి చేతిలో చచ్చిపోయాక వచ్చిన చట్టం అది. దాన్ని తిలక్ గట్టిగా వ్యతిరేకించాడు. మన ఇంటి విషయంలో సర్కారు వేలు పెట్టకూడదన్నది ఆయన వాదన. చాపేకర్ సోదరులు సంఘ సంస్కర్తల మీద కూడా చెయ్యి చేసుకున్నవాళ్లే. పదేళ్ల పిల్ల ఒంటిమీద మొగుడికున్న అధికారం గురించి కోపం రానివాళ్లకి, అదే ఒంటిమీద తెల్లవాడి చెయ్యి పడితే కోపం వచ్చింది. సిపాయిల దౌర్జన్యం నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఆగ్రహం ఆస్తి పోయినవాడి ఆగ్రహంలాగా నాకు వినబడుతుంది. ఆ వీధుల్లో నిలబడ్డ ఆడవాళ్లు ఏమన్నారో ఆ గొంతులో దొరకదు.

మాట్లాడిన ఒకే ఒక స్త్రీకి ఏమైందో చూడండి. పండిత రమాబాయి 1897లో బొంబాయి పత్రికకి ఉత్తరం రాసింది. తన ఆశ్రమం నుంచి ప్లేగు ఆస్పత్రికి తీసుకెళ్లిన ఒక యువతికి అక్కడ రక్షణ లేకుండా పోయిందనీ, ఆ ఏర్పాట్లలో ఆడవాళ్లకి భద్రత లేదనీ పేరు పెట్టి రాసింది. బొంబాయి గవర్నరు ఆ ఉత్తరాన్ని తప్పుల తడక అని కొట్టిపారేశాడు. క్రైస్తవం పుచ్చుకుందని అంతకు ముందే రమాబాయిని వెలివేసిన పూనా పెద్దలు ఆమెకి అండగా నిలబడలేదు. అప్పుడు ఇంగ్లండులో ఉన్న గోఖలే, సిపాయిలు ఇద్దరు స్త్రీల మీద అత్యాచారం చేశారనీ ఒకామె ఆత్మహత్య చేసుకుందనీ అక్కడి పత్రికకి చెప్పాడు. తిరిగి వచ్చాక ఆ విషయం ఆయనకి రాసినవాళ్లెవరూ ముందుకొచ్చి చెప్పలేదు. ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అక్కడితో ఫైలు మూసేశారు.

అత్యాచారం కేసుల్లో తిరిగే మన కార్యకర్తలకి ఈ ఘట్టం కొత్తగా అనిపించదు. సాక్ష్యం ఏదీ అంటారు. ఆమె వచ్చి చెప్పాలంటారు. 1897 పూనాలో ఏ ఇల్లాలు వచ్చి చెప్పగలదు? చెప్పిన మరుక్షణం సర్కారు అబద్ధమంటుంది, కులం వెలివేస్తుంది, మొగుడు పుట్టింటికి పంపేస్తాడు. ఆమె గురించి ఉపన్యాసాలిచ్చిన పెద్దమనుషుల్లో ఒక్కడూ ఆమె చెప్పాక కూడా ఆమెని ఇంట్లో ఉండనిస్తామని హామీ ఇవ్వలేదు. క్షమాపణ పత్రం ఆధారంగా ఏమీ జరగలేదని తేల్చిన చరిత్రకారుల్ని చదివాను. నాకు మాత్రం ఏమీ జరగలేదని ఆ కాగితం చెప్పదు.

అదే పూనా బయట, అదే మార్చిలో, మరొకటి జరిగింది. సావిత్రిబాయి ఫూలే, ఆమె పెంపుడు కొడుకు డాక్టర్ యశ్వంత్, హడప్సర్ దగ్గర ఒక తోటలో ప్లేగు రోగులకి చికిత్స మొదలుపెట్టారు. ముంఢ్వాలో ఒక దళిత కుటుంబంలోని కుర్రవాడికి ప్లేగు సోకిందని తెలిస్తే, ఆరవై ఆరేళ్ల ఆ మనిషి వాణ్ణి వీపుమీద వేసుకుని ఆస్పత్రికి తీసుకొచ్చింది. ఆ జబ్బు తగిలి మార్చి 10న పోయింది. సిపాయిల సోదాలు మొదలైన నెలలోనే ఇది. ఆమె పేరుతో బడులు ఉన్నాయి, జయంతులు చేస్తాం, ఫోటోలకి దండలు వేస్తాం. ప్లేగు రోగుల్ని వాళ్ల ఇష్టంతో, వాళ్ల నమ్మకంతో ఆస్పత్రికి రప్పించిన ఆరోగ్య కార్యకర్తగా మాత్రం ఆమెని గుర్తు పెట్టుకోం.

ఈ పద్ధతి బొంబాయిలో పుట్టలేదు. లండన్‌కి వెళ్తే దీని అచ్చు కనబడుతుంది. 1854లో సోహోలో బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్లు తాగి ఆరువందల మందికి పైగా కలరాతో చచ్చిపోయారు. పంపు పిడి తీయించిన డాక్టర్ జాన్ స్నో పేరు అందరికీ తెలుసు. ఆ జబ్బు మొదలెక్కడో తేలింది మాత్రం సారా లూయిస్ అనే తల్లి చెప్పిన మాటవల్ల. విరేచనాలతో పోయిన తన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లని ఇంటి ముందరి గుంటలో పోశానని ఆమె హెన్రీ వైట్‌హెడ్ అనే పాదిరీకి చెప్పింది. ఆ గుంట గోడలు పగిలి మురుగు పంపు బావిలోకి దిగుతున్నదని తర్వాత తవ్వి చూశారు. ఆ పాదిరీ కూర్చుని అడిగాడు, ఆమె చెప్పింది. అదే పార్లమెంటు 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక బాజల్జెట్‌తో మహా మురుగు కాల్వలు కట్టించడానికి డబ్బిచ్చింది. ఆ కాల్వల పని సాగుతుండగానే, 1864లో, సుఖవ్యాధుల చట్టమూ చేసింది. సైన్యం ఉండే ఊళ్లలో, రేవుల్లో, పోలీసుకి అనుమానం వచ్చిన ఏ ఆడమనిషినైనా బలవంతంగా పరీక్షించొచ్చు, ఆస్పత్రిలో బంధించొచ్చు. ఆమె దగ్గరికి వచ్చే సిపాయిని పరీక్షించక్కర్లేదు. మురుగుని కాల్వలో పెట్టినట్టే ఆడవాళ్లని ఆస్పత్రి గోడల్లో పెట్టడం పారిశుధ్యమనుకున్నారు. జోసఫిన్ బట్లర్, ఆమె తోటి స్త్రీలు 1869 నుంచి సభలు పెట్టి, సంతకాలు చేయించి, రాళ్లదెబ్బలు తిని 1886లో ఆ చట్టాన్ని రద్దు చేయించారు. 1868లో మన దేశానికి తెచ్చిన చట్టం 1888లో పోయింది గానీ, కంటోన్మెంట్లలో ఆ పద్ధతి వేరే రూపాల్లో సాగుతూనే వచ్చింది. 1897 నాటికి పరీక్ష చేసే చెయ్యికి అలవాటు అప్పటికే ఉంది.

బొంబాయిలో సర్కారు భయపడ్డ మనుషులు ఒక్కరే. మరుగుదొడ్లు ఎత్తే హలాల్‌ఖోర్‌లు. వాళ్లు కూడా పారిపోతే నగరం వారంలో కుళ్లిపోతుందని మున్సిపల్ కమిషనర్‌కి బాగా తెలుసు. బలవంతపు చర్యల్లో కొంత వెనక్కి తగ్గడానికి ఆ భయం కూడా ఒక కారణం. నగరాన్ని బతికించేవాళ్ల బలం ఎంతో ఒక్క క్షణం అందరికీ కనబడింది. ప్లేగు తగ్గాక ఎవరికీ గుర్తులేదు. ఇవాళ హైదరాబాద్‌లో తెల్లవారకముందు రోడ్లు ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు, ఎక్కువమంది దళితులు. చేతులతో మలం ఎత్తించడం నేరమని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మ్యాన్‌హోళ్లలో మనుషులు ఊపిరాడక చనిపోతూనే ఉన్నారు, వాళ్ల భార్యలు పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

ఇంకో సంగతి. ప్లేగు ఎవరిని ఎక్కువ చంపింది? ఆ మహమ్మారి ఇరవై పాతికేళ్లలో మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. పంజాబులో మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువగా పోయారు. 1911 జనాభా లెక్కల్లో అక్కడ ఆడవాళ్ల సంఖ్య పడిపోవడానికి అదొక కారణంగా రాశారు. రోజంతా ఎలుకలుండే ఇంట్లోనే ఉండేది వాళ్లు, నేలమీద పడుకునేది వాళ్లు, రోగికి సేవ చేసేది, చచ్చినవాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేది వాళ్లు. వాళ్ల ఒంటిని వెతకడానికి పెట్టిన శ్రమలో పదోవంతు వాళ్లు పడుకునే నేల గురించి పెట్టి ఉంటే ఎలా ఉండేదోనని అనుకుంటాను. బొంబాయిలో 1898లో ఏర్పడ్డ నగరాభివృద్ధి ట్రస్టు అపరిశుభ్రమైన ఇళ్లని కూల్చింది. కూల్చినన్ని కట్టలేదు. ఖాళీ చేయించినవాళ్లు పక్క వాడలో ఇంకా ఇరుకు గదుల్లోకి పోయారు. మూసీ వరదల తర్వాత 1912లో మన హైదరాబాద్‌లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు విషయంలోనూ ఎవరి ఇళ్లు పోయాయి, ఎవరికి ఇళ్లు దొరికాయి అని అడుగుతూ ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండునని నాకెప్పట్నుంచో ఆశ.

నేను ప్రజారోగ్య చర్యలకి వ్యతిరేకిని కాను. అంటువ్యాధి వచ్చినప్పుడు రోగిని విడిగా ఉంచాల్సి రావొచ్చు, టీకా వేయాల్సి రావొచ్చు. నా శరీరం నా ఇష్టం అన్న నినాదం అక్కడ ఒక్కటే సరిపోదు. మన సంఘాల్లో కొందరు మిత్రులు ఈ మాటకి నాతో విభేదిస్తారని తెలుసు. అయితే రాజ్యానికి అధికారం ఇచ్చే చట్టం దాని బాధ్యతల్ని కూడా రాయాలి కదా. 2020లో ఈ పాత చట్టాన్ని సవరించారు. ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేస్తే శిక్షలు చేర్చారు. అది అవసరమే. అదే సిబ్బందిలో ఆశా కార్యకర్తలు 2005 నుంచీ కార్మికులు కాదు, స్వచ్ఛంద సేవకులు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకి అవార్డు ఇచ్చింది. ఆ బస్తీ సమావేశంలో ఆ అవార్డు మాట ఎత్తితే అందరూ నవ్వారు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 286వ నివేదికలో ఈ చట్టం నేటి అవసరాలకి చాలదనీ, దీన్ని సవరించడమో కొత్త చట్టం తేవడమో చెయ్యాలనీ చెప్పింది.

అంటే ఈ విషయంలో మాట్లాడ్డానికి ఇది సమయం. డాక్టర్లు, అధికారులు, లాయర్లు మాట్లాడతారు. ఒంటిమీద చెయ్యి వేసే ముందు అడగాలన్నది, స్త్రీలని స్త్రీలే చూడాలన్నది, క్వారంటైన్‌కి తీసుకెళ్తే ఎక్కడికో రాతపూర్వకంగా ఇంట్లో చెప్పాలన్నది, పని పోయిన రోజులకి కూలీ, రేషనూ ఇవ్వాలన్నది, ఇల్లిల్లూ తిరిగే మనిషికి జీతం, మాస్కు, జబ్బుపడితే సెలవు ఇవ్వాలన్నది ఆ చట్టంలో రాయించేది ఎవరు? రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ప్రైవేటు డాక్టర్లు రోడ్డెక్కారు, రాజీల మధ్య చట్టం బయటపడింది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి చర్చ కూడా మొదలవలేదు.

వచ్చే సంచికలో కొన్ని పేజీలు దీనికోసం ఉంచుతున్నాం. 2020, 2021ల్లో మీ ఊళ్లో, మీ బస్తీలో పరీక్షలప్పుడు, క్వారంటైన్ సెంటర్లలో, కాన్పు కోసం ఆస్పత్రికి వెళ్తే వెనక్కి పంపినప్పుడు ఆడవాళ్లకి ఏం జరిగిందో రాసి పంపండి. సర్వేకి తిరిగినవాళ్లూ రాయండి, తలుపు వేసుకున్నవాళ్లూ రాయండి. రాయడం రానివాళ్లు చెబితే సంఘంలో ఎవరైనా రాసిపెట్టండి. పేరు వద్దంటే వేయం, ఊరు వద్దంటే అదీ వేయం.